బాకీ తీరుతుంది... ఋణం తీరదు!

కౌబాయ్ అనగానే తెలుగువాళ్లకి ముందు గుర్తొచ్చేది సూపర్‌స్టార్ కృష్ణే. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’తో టోపీ, గుర్రం, నడుముకి తుపాకీ మన తెర మీదకొచ్చాయి. తర్వాత 1990లో చిరంజీవి ‘కొదమ సింహం’, 2002లో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’. ఈ సినిమాల్లో కౌబాయ్ అంటే మెరుపే. తుపాకీ తీస్తే గురి తప్పదు, గుర్రమెక్కితే దుమ్ము లేవాల్సిందే. చివరికి గెలిచేది వాడే.

‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ అనే వీడియో గేమ్‌లోని కౌబాయ్ అలా కాదు. ఓ పేదవాడి దగ్గర అప్పు వసూలు చేయడానికి వెళ్లి, అక్కడ జబ్బు అంటించుకుని, నెలల తరబడి దగ్గి దగ్గి చనిపోతాడు. పేరు ఆర్థర్ మోర్గాన్. ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు ఆడుతూ ఈ గేమ్ పూర్తి చేయడానికి నాకు మూడు నెలలు పట్టింది. పూర్తయి వారం దాటినా ఇంకో గేమ్ మొదలుపెట్టబుద్ధి కాలేదు. ఎందుకా అని ఆలోచిస్తే తేలిందే ఈ వ్యాసం.

ఇంకా ఆడనివాళ్లకి ఓ మాట. కథ మొత్తం, ముగింపుతో సహా చెప్పేస్తున్నాను. ఆడాలనుకుంటే ఇక్కడే ఆగి, ఆడాక తిరిగి రండి.

గుర్రానికి గడ్డి పెట్టాలి!

రాక్‌స్టార్ గేమ్స్ కంపెనీ ఈ సిరీస్‌లో ‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ని 2010లో తెచ్చింది. రెండోది వచ్చింది 2018 అక్టోబర్ 26న. కంప్యూటర్‌లో ఆడేవాళ్లకి మరో ఏడాది పట్టింది. మొదటి మూడు రోజుల్లోనే 72.5 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయి. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ కథనం సహా నాలుగు బహుమతులొచ్చాయి. ఆర్థర్‌గా నటించి, గొంతు ఇచ్చిన రోజర్ క్లార్క్‌కి ఉత్తమ నటన అవార్డు దక్కింది.

కథ జరిగేది 1899లో. అమెరికా పడమటి ప్రాంతాల్లో ఖాళీ భూములంటూ ఇక మిగల్లేదని 1890 జనాభా లెక్కల్లోనే తేల్చేశారు. రైళ్లు, టెలిగ్రాఫ్ తీగలు, బ్యాంకులు, ఫ్యాక్టరీలు వచ్చేశాయి. దొంగల ముఠాల కాలం అయిపోయింది. ఆ సంగతి అందరికీ తెలుసు, ముఠా నాయకుడు డచ్‌కి తప్ప. బ్లాక్‌వాటర్ అనే ఊళ్లో ఓడ దోపిడీ బెడిసికొట్టి, ఇరవై మందికి పైగా ఉన్న ముఠా మంచుకొండల్లోకి పారిపోవడంతో ఆట మొదలవుతుంది. రాష్ట్రాలు, ఊళ్ల పేర్లన్నీ కల్పితమే. కానీ సెయింట్ డెనీ అనే పెద్ద నగరాన్ని చూస్తే న్యూ ఆర్లియన్స్ అని ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి రెండు మూడు గంటలు చాలామందికి విసుగు. మోకాలి లోతు మంచులో నడవాలి. గుర్రానికి మేత పెట్టాలి, ఒళ్లు తోమాలి. తుపాకీ తుడుచుకోవాలి, లేకపోతే సరిగ్గా పనిచేయదు. గడ్డం దానంతటదే పెరుగుతుంది, గీసుకోవాలి. జింకని వేటాడితే చర్మం ఒలిచి, మోసుకెళ్లి గుర్రం మీద వేసుకోవాలి. ఇవన్నీ మన కళ్లముందే తీరిగ్గా జరుగుతాయి. ‘ఇదేం గేమ్‌రా బాబూ, పల్లెటూళ్లో పశువుల పని చేసినట్టుంది’ అన్నాడు పక్కన కూర్చుని చూసిన మా తమ్ముడు. వాడన్నది నిజమే. అయితే ఆ నిదానం ఊరికే పెట్టింది కాదు. రోజూ సాయంత్రం మకాంకి వచ్చి, పియర్సన్ వండిన కూర తిని, నిప్పు చుట్టూ కూర్చుని వాళ్ల పాటలు, గొడవలు వింటుంటే మనకి తెలియకుండానే వాళ్లు మనవాళ్లవుతారు. యాభై గంటల తర్వాత వాళ్లలో ఒక్కొక్కరూ పోతుంటే గుండె బరువెక్కడానికి కారణం అదే. రెండున్నర గంటల సినిమాకి అంత తీరిక ఉండదు.

ఒక్క దగ్గు

ముఠాలో స్ట్రాస్ అని ఒకడుంటాడు. కళ్లద్దాలు, కోటు, చేతిలో ఖాతా పుస్తకం. తుపాకీ పట్టడు. గతిలేనివాళ్లకి ఎక్కువ వడ్డీకి అప్పులిస్తాడు. వసూలు చేసుకురావాల్సింది ఆర్థర్. ఆ జాబితాలో ఒక పేరు థామస్ డౌన్స్. చిన్న రైతు, భార్య, కొడుకు, ఎండిపోయిన తోట. అంతకుముందు వాలెంటైన్ అనే ఊళ్లో ఆర్థర్ బురదలో ఒకణ్ని చావబాదుతుంటే మధ్యలోకొచ్చి ‘ఇక చాలు’ అని ఆపింది ఈ మనిషే. ఇప్పుడు అతన్నే అతని పెరట్లో కొట్టాలి. కథ ముందుకెళ్లాలంటే ఆ పని చేయక తప్పదు, వేరే దారి లేదు. చెయ్యి ఆర్థర్‌దే, కానీ కంట్రోలర్ మన చేతిలో ఉంది.

ఆ పెనుగులాటలో డౌన్స్ దగ్గుతాడు. నెత్తుటి తుంపరలు ఆర్థర్ ముఖం మీద పడతాయి. తుడుచుకుంటాడు, అంతే. ఆడుతున్న మనం కూడా పట్టించుకోం. తర్వాత పని, ఇంకో ఊరు, ఇంకో దోపిడీ. చాలా గంటల తర్వాత, మూడు అధ్యాయాలు దాటాక, సెయింట్ డెనీ వీధిలో ఆర్థర్ గుర్రం మీంచి జారి పడిపోతాడు. డాక్టర్ చూసి క్షయ అంటాడు. అప్పుడు గుర్తొస్తుంది ఆ పెరడు.

మామూలుగా గేముల్లో తప్పు చేస్తే శిక్ష వెంటనే పడుతుంది. పోలీసులు వెంటపడతారు, పాయింట్లు తగ్గుతాయి, లేదా సేవ్ చేసిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇక్కడ అలాంటి వీలు లేదు. డౌన్స్‌ని కొట్టి వారాలు దాటాక, ఆ సంగతే మర్చిపోయాక ఫలితం వస్తుంది. నాలాంటి ప్రోగ్రామర్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఎప్పుడో రాసిన ఒక్క లైను, ఎన్నో నెలల తర్వాత ఎక్కడో ఇంకో చోట సిస్టమ్ మొత్తాన్ని పడగొడుతుంది. తేడా ఏమిటంటే మన కోడ్‌ని సరిచేయొచ్చు, ఆర్థర్ ఊపిరితిత్తులని సరిచేయలేం.

అక్కణ్నించి ఆటలోనూ ఆర్థర్ మారిపోతాడు. ముఖం పాలిపోతుంది, కళ్లు ఎర్రబడతాయి. ఎంత తినిపించినా ఒళ్లు చేయడు. అప్పటిదాకా కండ పెంచి, మంచి బట్టలు వేసి, బిడ్డలా చూసుకున్న మనిషి కళ్లముందే చిక్కిపోతుంటే మన చేతిలో ఉన్న ఏ బటనూ పనికిరాదు.

మందు లేని రోజులు

డాక్టర్ ఇచ్చే సలహా ఒక్కటే. విశ్రాంతి తీసుకో, వెచ్చగా, పొడిగా ఉండే చోటికి వెళ్లు. ఇది రచయితలు కల్పించింది కాదు. క్షయకి కారణమయ్యే సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లోనే గుర్తించాడు. దానిమీద పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. మధ్యలో అరవై ఏళ్లు జబ్బేమిటో తెలుసు, మందు లేదు. పడమటి అమెరికాలో పేరుమోసిన తుపాకీ వీరుడు డాక్ హాలిడే కూడా క్షయ రోగే. చదివింది దంతవైద్యం. పొడిగాలి కోసమే పడమటికి వెళ్లి, చివరికి 1887లో కొలరాడోలో 36 ఏళ్లకే పోయాడు.

పొడిగాలి వైద్యం మన దగ్గరా నడిచింది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915 నుంచి ఉంది. ఆ గాలి మంచిదని దూరదూరాల నుంచి రోగుల్ని తీసుకొచ్చేవాళ్లు. తర్వాత మందులొచ్చాయి. ఆ మందులు ఇంట్లో ఉండి వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1950ల్లో మద్రాసులో జరిగిన పరిశోధన నిరూపించింది. ప్రపంచమంతా క్షయ వైద్యం తీరు మారడానికి అదో పెద్ద కారణం. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మాత్రం క్షయ అంటే కంచం, గ్లాసు వేరు, పడక పశువుల పాకలో. ఆర్థర్ ఎవరితోనూ తన జబ్బు గురించి పెద్దగా చెప్పుకోకపోవడం చూసినప్పుడు నాకు ఆ పాకే గుర్తొచ్చింది. ఇప్పటికీ ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పూర్తి కోర్సు వాడితే నయమయ్యే జబ్బు. ఆర్థర్‌కి లేని అదృష్టం ఇది.

‘ఇంకొక్క దెబ్బ కొడితే చాలు’

అసలు కథ జబ్బుది కాదు, డచ్‌ది. ఆర్థర్ దిక్కులేని కుర్రాడిగా ఉన్నప్పుడు డచ్, హోజియా చేరదీశారు. అన్నం పెట్టారు, చదవడం నేర్పారు, దొంగతనమూ నేర్పారు. ఆర్థర్‌కి డచ్ అంటే తండ్రితో సమానం. ఆ డచ్ ఆట పొడుగునా ఒకటే మాట చెబుతుంటాడు. నన్ను నమ్మండి, నా దగ్గర ప్లాన్ ఉంది, ఇంకొక్క పెద్ద దోపిడీ చేస్తే డబ్బు చాలు, తాహితీ దీవికి వెళ్లి మామిడి తోటలు వేసుకుందాం. మామిడి తోటల ఆశ చూపిస్తే మనకి నవ్వొస్తుంది కానీ వాళ్లకి అది స్వర్గం.

ఆ ‘ఇంకొక్కటి’ ఎప్పటికీ అయిపోదు. రైలు దోపిడీ, బ్యాంకు దోపిడీ, ఓడ దోపిడీ. ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు చస్తారు. ప్రతిసారీ మళ్లీ ‘ఇంకొక్కటి’. పుస్తకాల పురుగు లెనీ పోతాడు. డచ్‌కి బుద్ధి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి హోజియా పోతాడు. ఆ ఖాళీలోకి మైకా అనే పాము దూరుతుంది. తన భూమిలో చమురు ఉన్నందుకు సైన్యం చేతిలో నలిగిపోతున్న ఆదివాసీ తెగని కూడా డచ్ వదలడు. వాళ్ల కుర్రాళ్ల కోపాన్ని రెచ్చగొట్టి, సైన్యం దృష్టి మళ్లించడానికి వాడుకుంటాడు. చమురు ఫ్యాక్టరీలో ఆర్థర్ చావుకి దగ్గరైన క్షణంలో చూసి కూడా చూడనట్టు వెళ్లిపోతాడు. కాపాడింది తెగ పెద్ద రెయిన్స్ ఫాల్ కొడుకు ఈగిల్ ఫ్లైస్. దానికి అతను ఇచ్చిన మూల్యం తన ప్రాణం.

తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. బాకీ, ఋణం. బాకీకి లెక్క ఉంటుంది, వడ్డీ ఉంటుంది, ఏదో ఒకరోజు తీరిపోతుంది. ఋణానికి లెక్క లేదు. తల్లిదండ్రుల ఋణం, గురువు ఋణం, ఉప్పు తిన్న ఋణం. డచ్ చేసే అసలు మోసం ఇదే. ఆర్థర్ మనసులో ఉన్న ఋణాన్ని బాకీగా మార్చి, రోజూ వాయిదా వసూలు చేస్తుంటాడు. స్ట్రాస్ దగ్గరైనా ఖాతా పుస్తకం ఉంటుంది, ఇంత కట్టాలని తెలుస్తుంది. డచ్ దగ్గర అదీ లేదు. ఎంత కట్టినా ఇంకా ఉంటుంది.

ఇది 1899 నాటి దొంగల ముఠా సంగతి మాత్రమే అనుకోలేకపోయాను. కొవిడ్ ఏడాది నా చేతికి ఇంజినీరింగ్ డిగ్రీ వచ్చినప్పుడు క్యాంపస్ ఆఫర్లన్నీ గాల్లో ఉన్నాయి. అప్పుడు పిలిచి ఉద్యోగమిచ్చిన సారు ఒకాయన ఉన్నారు. ఆయన మంచివారే, డచ్‌తో పోల్చడం అన్యాయం. కానీ ‘ఈ ఒక్క రిలీజ్ అయిపోనీ, తర్వాత నీ సంగతి చూద్దాం’ అనే మాట ఆరేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇంకో కంపెనీ నుంచి ఆఫర్ వచ్చిన ప్రతిసారీ, ఆరోజు ఆయన ఇవ్వకపోతే ఏమయ్యేదన్న ఆలోచనతోనే ఆగిపోయాను. ఆయన అడక్కుండానే నేను వాయిదాలు కడుతున్నానన్నమాట. మొన్న నెలలో రాజీనామా ఇచ్చాను. గేమ్ చూసి ఇచ్చానంటే అతిశయోక్తి, ఇల్లు, పెళ్లి, జీతం, చాలా కారణాలున్నాయి. కాకపోతే ఒక విషయం స్పష్టమైంది. ఉద్యోగానికి నోటీస్ పీరియడ్ ఉంటుంది. కృతజ్ఞతకి ఉండదు, అది ఎక్కడికెళ్లినా మనతోనే వస్తుంది. ఆయనతో అదే చెప్పాను.

క్షమాపణ అడగని మనిషి

తనకి మిగిలింది కొన్ని వారాలే అని తెలిశాక ఆర్థర్ ఏం చేస్తాడన్నదే చివరి అధ్యాయం. ఇక్కడే ఈ కథ నాకు మిగతావాటికన్నా ఎత్తుగా కనిపించింది. మన సినిమాల్లో అయితే ఓ పెద్ద త్యాగం, ఓ పెద్ద డైలాగ్, పాపాలన్నీ కడుక్కుపోతాయి. ఆర్థర్‌కి అలా జరగదు.

డౌన్స్ భార్య ఈడిత్ సెయింట్ డెనీ వీధుల్లో ఒళ్లు అమ్ముకుంటూ కనిపిస్తుంది. తర్వాత ఓ గని ఊళ్లో ఆమె, బొగ్గు గనిలో పనిచేస్తున్న కొడుకు. ఆర్థర్ డబ్బివ్వబోతే ఆమె ఛీ కొడుతుంది. తన సంసారాన్ని కూల్చినవాడి చేతి సాయం ఎవరికి కావాలి? చివరికి ఎలాగో డబ్బు చేతిలో పెట్టి, ఇక్కణ్నించి వెళ్లిపొమ్మంటాడు. అంతేకానీ క్షమించమని అడగడు. క్షమించే హక్కు ఆమెది, అడిగే హక్కు తనకి లేదు అన్న ఎరుక ఆ మనిషిలో కనిపిస్తుంది. నాకు ఆట మొత్తంలో అత్యంత నిజాయతీగా అనిపించిన ఘట్టం ఇదే.

స్ట్రాస్‌ని ఆర్థర్ మకాం నుంచి గెంటేస్తాడు. మిగిలిన బాకీదారుల దగ్గరికి వెళ్లినప్పుడు, కట్టక్కర్లేదు అని చెప్పే అవకాశం మనకి వస్తుంది. తమాషా ఏమిటంటే, గెంటేసిన ఆ స్ట్రాసే తర్వాత పోలీసు ఏజెంట్లకి చిక్కి, ముఠా గురించి ఒక్కమాట కూడా చెప్పకుండా కస్టడీలో చనిపోయాడని తెలుస్తుంది. మనిషిని ఒకే ముక్కలో తేల్చేయకూడదని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఆఖరికి ఆర్థర్ తన శక్తినంతా ఒక్క పని మీద పెడతాడు. జాన్ మార్‌స్టన్, అతని భార్య అబిగైల్, వాళ్ల పిల్లాడు జాక్, ఈ ముగ్గురూ ఈ ముఠా నుంచి బయటపడాలి. ఆర్థర్‌కి ఒకప్పుడు ఓ కొడుకు ఉండేవాడు. దొంగలు పది డాలర్ల కోసం తల్లినీ బిడ్డనీ చంపేశారు. ఆ సంగతి రెయిన్స్ ఫాల్‌తో చెప్పుకుంటాడు. అందుకే జాక్ మీద అంత పట్టు. కొండమీద తన టోపీ జాన్‌కి ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపొమ్మంటాడు. మనం ఆటంతా మంచిగా ఆడివుంటే, ఆర్థర్ తూర్పున సూర్యుడు పైకొస్తుంటే చూస్తూ కన్నుమూస్తాడు. చెడ్డగా ఆడివుంటే మైకా చేతిలో ఘోరంగా చస్తాడు. బతకడం మాత్రం ఏ దారిలోనూ లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మనసు మారిందని డైరీలో రాసుకునే మనిషి తర్వాతి మిషన్‌లో ముప్పై మందిని కాల్చిపారేస్తాడు. ఆ ముప్పై మందికీ ఇళ్లల్లో ఈడిత్‌లు ఉండరా అని ఆట ఎప్పుడూ అడగదు. ప్రపంచమంతా తిరిగే స్వేచ్ఛ ఇచ్చి, మిషన్ మొదలవగానే గీత దాటితే విఫలమయ్యావంటుంది. ఇక తెర వెనక కథ. విడుదలకి ముందు రచయితల్లో ముఖ్యుడు డాన్ హౌసర్ వారానికి 100 గంటలు పనిచేశామని ఓ ఇంటర్వ్యూలో అనడంతో పెద్ద దుమారం రేగింది. అది నలుగురు సీనియర్ రచయితలు మూడు వారాలు చేసిన పని మాత్రమేనని తర్వాత వివరణ ఇచ్చారు. అయినా మిగతా ఉద్యోగుల ఓవర్‌టైమ్ గురించి కథనాలు వస్తూనే ఉన్నాయి. ‘ఇంకొక్క దెబ్బ’ అంటూ మనుషుల్ని అరగదీసే నాయకుడి కథ తయారైన ఆఫీసుల్లో ఆ గోల రావడం విచిత్రమే.

మళ్లీ తెరిచిన ఖాతా

ఆర్థర్ పోయాక ఆట అయిపోదు. కథ 1907కి వెళుతుంది. ఇప్పుడు మనం జాన్. కూలీగా చేరి, బ్యాంకులో అప్పు తీసుకుని కొంచెం భూమి కొంటాడు. స్నేహితులతో కలిసి సొంతంగా ఇల్లు కట్టుకుంటాడు. గోడకి మేకులు కొట్టేది మనమే. అంతకుముందు అరవై గంటల్లో ఎన్ని బ్యాంకులు దోచినా రాని తృప్తి ఆ పలకల ఇల్లు లేస్తుంటే వచ్చింది. ఈసారి అప్పు ఉంది, కానీ లెక్క ఉన్న అప్పు. నెల నెలా కట్టొచ్చు.

అక్కడ ఆగితే బాగుండేది. మైకా ఎక్కడున్నాడో కబురందుతుంది. ఆర్థర్ కోసం పగ తీర్చుకోవాలని జాన్ బయల్దేరతాడు. వద్దని అబిగైల్ ఎంత చెప్పినా వినడు. మంచుకొండ మీద మైకాని చంపుతాడు. మనకీ చేతులు దురదపెట్టిన పనే అది, కాదనలేం. ఆ తర్వాత పేర్లు పడుతుండగా, ఆ శవాన్ని చూసిన ప్రభుత్వ ఏజెంట్లు ఆనవాళ్లు పట్టుకుంటూ జాన్ ఇంటిదాకా వచ్చేస్తారు. 2010లో వచ్చిన మొదటి గేమ్ కథ జరిగేది 1911లో. అందులో జాన్ ఏమవుతాడో ఆడినవాళ్లకి తెలుసు. అంటే ఆర్థర్ ప్రాణం పెట్టి జాన్‌కి ఇచ్చిన బతుకు, ఆర్థర్ పేరు చెప్పి చేసిన పగతోనే కరిగిపోయింది.

ఆర్థర్ వెళ్లిపొమ్మన్నప్పుడు జాన్ దగ్గర ఏమీ అడగలేదు. నా పగ తీర్చు అనలేదు, నన్ను గుర్తుంచుకో అని కూడా అనలేదు. తన జీవితంలో మొదటిసారి ఒకరికి ఏదైనా ఇచ్చి, ఖాతాలో రాయలేదు. జాన్‌కి అది అర్థం కాలేదు. తీర్చాల్సిన బాకీ అనుకున్నాడు. ఆ ఇంట్లో, ఆ భార్యాబిడ్డలతో, ఆ బ్యాంకు వాయిదాలు కట్టుకుంటూ ముసలివాడయ్యేదాకా బతికివుంటే చాలు, ఆర్థర్ ఋణం తీరినట్టే. ఎందుకంటే కొన్ని ఋణాలు ఇచ్చినవాడికి తిరిగివ్వడానికి కావు, వాళ్లిచ్చినదాన్ని పాడుచేసుకోకుండా ఉండటానికి.